పోపు పెట్టిన సూపు

టమాటా సూపులో పోపు ఉండదు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా పోట్లాడతాను. మా అమ్మ పెళ్ళికి ముందు మిషన్ బంగళాలో దొరసాని దగ్గర పనిచేసింది. దొరసాని తన దేశం వెళ్ళిపోయింది గాని ఆమె సూపు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరికైనా జ్వరం వచ్చినా, క్రిస్మస్ మర్నాడు పొట్టలు బరువెక్కినా అమ్మ అదే చేసేది. మా ఆయన సొలొమోను గారు లెక్కల మాస్టారు. పెళ్ళయిన కొత్తలో నేను చేసిన సూపు ఒక గుక్క తాగి, గిన్నెలోకి తొంగి చూసి, "చారు బాగానే ఉంది గాని పోపు మర్చిపోయావు" అన్నారు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు.

అలాంటి నేను డెబ్భై ఏడో సంవత్సరంలో, దివిసీమను ఉప్పెన ముంచేసిన తర్వాత, బెజవాడలో ఒక ఆస్పత్రి వరండాలో నిలబడి సూపులో ఆవాలు వేయించి పోశాను. ఎందుకు పోయాల్సి వచ్చిందో చెబుతాను.

ఆ గాలివానకి మా బెజవాడలో చెట్లు కూలాయి, రేకులు ఎగిరిపోయాయి, కరెంటు పోయింది. అంతటితో గండం గడిచిందనుకున్నాం. అవనిగడ్డ వైపు నుంచి లారీల్లో మనుషులను తీసుకురావడం మొదలుపెట్టాక గాని, అక్కడ సముద్రమే ఊళ్ళ మీదకి వచ్చిపడిందని తెలియలేదు. మాస్టారి బళ్ళో తరగతి గదుల నిండా పాత బట్టల మూటలు. ఆస్పత్రిలో మంచాలు చాలక నేల మీద చాపలు. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళం ఆడవాళ్ళ వార్డును పంచుకున్నాం. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు రోగులు, వాళ్ళ తిండీ బట్టా మా పూచీ. సమాజానికి పెద్ద అమలమ్మ గారు నాకు మాత్రం ఒక్కరినే అప్పగించారు.

"నీకు ఈ ఒక్కతే చాలమ్మా రూతూ. నీకంటే మొండిది" అన్నారు.

ఆ మొండి మనిషి పేరు రత్తమ్మ. సముద్రం ఒడ్డున ఒక పల్లెలో చేపలు పట్టేవాళ్ళ కోడలు. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఉప్పెన వచ్చినప్పుడు తుమ్మచెట్టును కావిలించుకుని బతికింది. చేతులూ కాళ్ళూ ముళ్ళకు చీరుకుపోయి పుళ్ళు పడ్డాయి. కడుపులోకి ఎంత ఉప్పునీళ్ళు పోయాయో, ఏం పెట్టినా నిలవడం లేదు. పైగా జ్వరం. అన్నిటికీ మించి ఆమెకు ఆరో నెల.

మొగుడు కాశీరావు అప్పుడు ఇంట్లో లేడు. గాలివానకు ముందే పడవ తీసుకుని నిజాంపట్నం వైపు వేటకు వెళ్ళాడు. ఆ పడవ మళ్ళీ కనపడలేదు. మరిది పేరయ్య, అంటే కాశీరావు తమ్ముడు, ఈమెను ఆస్పత్రిలో దించేసి, అన్నను వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన రొట్టె ఆమె నోట్లో పెట్టుకోగానే ఉమ్మేసింది. పాలు వాసనన్నది. మా సమాజం వాళ్ళు ఆవకాయ అన్నం కలిపి తెచ్చి పెడితే, అది తిన్నది గాని నిమిషాల్లో కక్కేసింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"కారం, పచ్చడి కొన్నాళ్ళు ఆమె కంట పడనివ్వకండి. పల్చగా, వేడిగా, ఉప్పగా ఏదైనా కడుపులో పడాలి. ఇలాగే పస్తులుంటే బిడ్డ నిలవదు. టమాటా సూపు చేయడం వచ్చా మీకు?"

నాకు సూపు వచ్చా అని అడిగింది. నేను నవ్వాపుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్టుకు పోయి పళ్ళు ఏరాను. పండిన రామములక్కాయలు, అదే టమాటాలు, దొరకడమే గగనమైపోయింది ఆ రోజుల్లో. గాలివానకు తోటలు పడుకున్నాయి. దొరికినవాటిలో పగుళ్ళు లేనివి చూసి తెచ్చాను. నాలుగు పక్షాలుగా కోసి, ఒక ఉల్లిపాయ, చిన్న కారెట్టు ముక్క వేసి, మూత పెట్టి ఉడికించాను. తొక్క దానంతటదే చుట్టుకుని లేస్తుంది, అప్పుడు దించాలి. పప్పుగుత్తితో ఎనిపి, పాత వాయిల్ చీర ముక్కలో పోసి పిండాను. గింజ గాని తొక్క గాని పడితే అది సూపు కాదు, పచ్చిపులుసు. ఇంకో గిన్నెలో వెన్న కరగబెట్టి, చెంచాడు మైదాపిండి అందులో తెల్లగా వేయించి, పిండిన రసం కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాను. ఉప్పు, రవ్వంత పంచదార, ఆఖర్న మిరియాల పొడి. పొయ్యి మీద అది మెల్లగా బుడగలు వేస్తుంటే అమ్మ వంటగదిలో ఉన్నట్టే అనిపించింది నాకు. ఫ్లాస్కులో పోసుకుని రిక్షా ఎక్కాను.

రత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గిన్నెలో పోసి చేతికిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలితో తిప్పి చూసింది. నా మొహంలోకి చూసింది.

"పోపెయ్యలేదా అమ్మా?"

"సూపుకి పోపు ఉండదు. తాగు."

"మర్చిపోయారా? కావాలనే వెయ్యలేదా?"

"కావాలనే వెయ్యలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. వేడి మీద తాగు, బిడ్డకి మంచిది."

గిన్నె నేల మీద పెట్టి దూరంగా నెట్టేసింది. సగం ఒలికిపోయింది.

"ఎవరు చెప్పారు మీకు? ఎవరొచ్చి చెప్పారు? నా మావ బతికే ఉన్నాడు. తీసకపోండి దీన్ని. నా కళ్ళ ముందుంచొద్దు" అని అరిచి, అటు తిరిగి పడుకుని ఏడుపు మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుట్నుంచీ మార్కెట్టు, పొయ్యి, గుడ్డ, రిక్షా. అంతా ఒలకబోసి, పైగా నా మీద కేకలు. నోటిదాకా వచ్చిన మాట దిగమింగుకుని, నేల తుడిచి, ఫ్లాస్కు తీసుకుని బయటికి నడిచాను. గుమ్మం పక్క చాప మీద ఉండే ముసలమ్మ బుల్లెమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. ఆమెకు చెయ్యి విరిగింది. ఆమెదీ రత్తమ్మ వాళ్ళ పల్లె పక్కనే.

"కోప్పడకు తల్లీ. నీకు తెలవక చేశావు, దానికి తెలవక ఏడ్చింది" అంది.

"ఏం తెలియక?"

"మాలో మనిషి పోతే పెద్దదినం అయ్యేదాకా ఆ ఇంట్లో పోపు పెట్టరమ్మా. పప్పైనా పులుసైనా ఉడకేసుకుని, ఉప్పేసుకుని తినటమే. ఆవాల చిటపట, ఆ వాసన ఆ ఇంట్లోంచి రాకూడదు. నువ్వేమో ఎర్రటి పులుసు తెచ్చావు. పోపు లేదు, కారం లేదు, కావాలనే వెయ్యలేదన్నావు. దాని మొగుడు పోయిన కబురు నీకు తెలిసిందనీ, నోటితో చెప్పలేక ఇట్టా చెప్పావనీ అనుకుంది."

మా ఇళ్ళలో సమాధి దగ్గర్నుంచి రాగానే బంధువులు వండి తెచ్చిన అన్నం, కూర, చారు అన్నీ తింటాం. చారుకు పోపు ఉందా లేదా అని చూసినవాళ్ళను నేనెరగను. పుట్టినప్పట్నుంచీ హిందువుల పక్కిళ్ళలోనే బతికాను గాని, వాళ్ళు దుఃఖంలో ఉన్నప్పుడు వాళ్ళ పొయ్యి దగ్గరకి పోయి చూడలేదు. ఇందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కాని ఆ పిల్ల ఏడుపు మాత్రం చెవుల్లోంచి పోలేదు.

డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"కారం వద్దు. చెంచాడు నెయ్యిలో నాలుగు ఆవాలు, జీలకర్ర అయితే ఏమీ కాదు. ఏం వేస్తారో వేయండి, తాగితే చాలు."

ఇంటికొచ్చి మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వుతారని ముందే చూపులతో బెదిరించాను. ఆయన నవ్వలేదు.

"ఇంట్లో పోపు పెట్టి తీసుకెళ్తే ఆమెకేం తెలుస్తుంది రూతూ? ఆ చప్పుడు ఆమె చెవిన పడాలి" అన్నారు.

మాస్టారు అప్పుడప్పుడూ ఇలాంటి మాట అంటారు. అందుకే ఇన్నేళ్ళు కాపురం చేశాను.

వార్డు వెనక వరండాలో నర్సులు నీళ్ళు కాచుకునే కిరసనాయిలు స్టవ్వు ఉండేది. మర్నాడు సూపు గిన్నెతో పాటు పోపు గరిటె, నెయ్యి, ఆవాలు, జీలకర్ర, రెండు కరివేపాకు రెబ్బలు కూడా తీసుకెళ్ళాను. స్టవ్వు మీద సూపు వేడి చేసి, గరిటెలో నెయ్యి కాచి ఆవాలు వేశాను. చిటపటలాడాయి. గరిటె తీసుకెళ్ళి సూపులో ముంచాను. చుయ్ మంది. వార్డులో ఆడవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. దొరసాని చూస్తే నన్ను గుమ్మంలోంచే వెళ్ళగొట్టేది.

రత్తమ్మ లేచి కూర్చుని ఉంది. గిన్నె అందుకుని, పైన తేలుతున్న ఆవాలను చూసి, తాగింది. సగం తాగి ఆపి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. ఏదీ వెనక్కి రాలేదు. మిగతాది కూడా తాగింది.

అప్పట్నుంచీ రోజూ అదే పని. ఇంట్లో సూపు, ఆస్పత్రిలో పోపు. కడుపులో కొంచెం బలం పడ్డాక రత్తమ్మ నోరు లేచింది. నా వంటకు ఇంత వంకలు పెట్టిన మనిషి ఇంకొకరు లేరు.

"పులుపు చాలలేదమ్మా. చింతపండు ఎయ్యరా మీరు?"

"వెయ్యరు."

"నాలుగు ఎండు రొయ్యలు పడితేనా, మా మావ గిన్నె కూడా నాకేస్తాడు దీన్ని."

"సూపులో రొయ్యలేంటే?"

"సూపులో పోపేంటని అన్నారుగా మొన్న" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. పై పన్ను ఒకటి కొంచెం వంకర. నాకు ముద్దొచ్చింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని రాలేదు.

కాశీరావు గురించి చెప్పేది. ఆమెకు సొంత మేనమామేనట. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని సముద్రంలోకి తీసుకెళ్ళేవాడట. తిండి దగ్గర మహా పేచీకోరట. అలల్లో ఈదితే దరి చేరకుండా ఉండడట. "ఎక్కడో ఒడ్డున పడుంటాడు. ఒంగోలు దాకా కొట్టుకుపోయాడేమో. ఖాళీ చేతుల్తో ఎట్టా రావటమా అని సిగ్గుపడి ఉంటాడు" అనేది. నేను ఊ కొట్టేదాన్ని.

నాకు నమ్మకం లేదు. మాస్టారు బట్టల మూటలతో లారీ మీద అవనిగడ్డ వెళ్ళినప్పుడు పడవల వాళ్ళను కదిపి చూశారు. తిరిగొచ్చి చాలాసేపు కాళ్ళు కడుక్కుంటూ ఉండిపోయారు.

"ఆశ లేదు రూతూ. కాని లేదని తేల్చి చెప్పడానికి నేనెవర్ని?" అన్నారు.

ఆ తర్వాత నాకు పోపు పెట్టడం కష్టమైపోయింది. ఆవాలు చిటపటలాడినప్పుడల్లా ఆ పిల్లతో అబద్ధమాడుతున్నట్టే ఉండేది. నాకు అబద్ధం పడదు. ఎదుటివాళ్ళ మొహం మీదే నిజం చెప్పి నలుగురిచేత చెడ్డ అనిపించుకున్నదాన్ని. కాని ఆ అబద్ధం లోపలికి వెళ్ళి నెత్తురవుతోంది. జ్వరం తగ్గింది. పుళ్ళు మానుతున్నాయి. ఒకరోజు నా చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. "చూశారా, పోపు వాసన తగిలింది వీడికి" అంది. డాక్టరమ్మ కూడా, ఇలాగే ఇంకొన్నాళ్ళు తింటే భయం లేదంది.

ఆ మర్నాడే పేరయ్య వచ్చాడు.

నేను వెనక వరండాలో స్టవ్వు దగ్గర ఉన్నాను. సూపు వేడెక్కింది. గరిటెలో నెయ్యి కరుగుతోంది. మెట్ల దగ్గర ఎవరో దగ్గిన చప్పుడైతే తిరిగి చూశాను. గడ్డం మాసి, కళ్ళు లోతుకు పోయి, భుజం మీద తడి తువ్వాలు. వార్డు వైపు ఒకసారి చూసి, నన్ను దూరంగా రమ్మని సైగ చేశాడు.

"అమ్మగారూ, మా వదినెకి మీరే అన్నం పెడతన్నారంటగా."

"అవును. కాశీరావు?"

అతను తల అడ్డంగా ఊపాడు. గొంతు తగ్గించి చెప్పాడు. నాగాయలంక అవతల మడ అడవిలో పడవ ముక్కలు దొరికాయి. మనిషి ఇంకా లోపల ఒక పాయలో. మొలకున్న వెండి తాడును బట్టి గుర్తుపట్టారు. తీసుకొచ్చే స్థితిలో లేడు. అక్కడే మట్టి చేసేశారు.

"నా నోటితో చెప్పలేనమ్మా. చిన్నప్పట్నుంచి ఒకే కంచంలో తిన్నాం. మీరు చెప్పండి. మీరు చదువుకున్నోళ్ళు" అని మెట్ల మీద కూలబడ్డాడు.

చదువుకుంటే ఇది చెప్పడం వస్తుందా? అతని మీద కోపం వచ్చింది. దేవుడి మీద వచ్చింది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఒక్క మాట రాలేదు. స్టవ్వు దగ్గరకి తిరిగి వచ్చాను. గరిటెలో నెయ్యి కాగి పొగ వస్తోంది. ఆవాల డబ్బా మూత తీసి చేతిలో పట్టుకున్నాను.

పోపు వేయకపోతే నేను నోరు విప్పక్కర్లేదు. ఆ గిన్నె తీసుకెళ్ళి ముందు పెడితే చాలు, ఆమెకు అర్థమైపోతుంది. అర్థమయ్యాక ఇంక ఆమె ఎప్పుడు తింటుందో, అసలు తింటుందో లేదో. వేస్తే, మొగుడు మట్టిలో ఉన్నాడని తెలిసి కూడా ఆ పిల్ల చేత పోపు తినిపించినదాన్నవుతాను. వాళ్ళ దృష్టిలో అది ఎంత పెద్ద అపచారమో నాకు తెలుసు. రేపు తెలిస్తే నా మొహాన ఉమ్మేయొచ్చు. ఉమ్మేస్తే ఉమ్మేయనీ అనుకున్నాను. ఒక్క గిన్నె, ఈ ఒక్క గిన్నె లోపల పడనీ. తర్వాత నేనే చెబుతాను.

ఆవాలు వేశాను. ఎప్పటికంటే ఎక్కువే వేసినట్టున్నాను, ఎగిరి చేతి మీద పడ్డాయి. గరిటె సూపులో ముంచాను.

లోపలికి వెళ్ళేసరికి రత్తమ్మ తల దువ్వుకుని, చాప మీద నిటారుగా కూర్చుని ఉంది. బుల్లెమ్మ నా వైపు చూడకుండా ముసుగు కప్పుకుంది. గిన్నె ఇచ్చాను. వంకలు పెట్టలేదు. పులుపు ఊసెత్తలేదు. ఒక్కో గుక్కా మింగుతూ, మధ్యలో ఆగకుండా తాగింది. అయిపోయాక గిన్నె మళ్ళీ చాపింది.

"ఇంకా ఉందా అమ్మా?"

ఎప్పుడూ రెండోసారి అడగలేదు. ఉన్నదంతా పోశాను. అదీ తాగింది. అడుగున మిగిలిన ఆవాలు వేలితో తుడిచి నాకింది. కొంగుతో మూతి తుడుచుకుని, గిన్నె నా చేతికిచ్చింది. ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ నేను నిలబడే ఆ గిన్నెను కొంగుతో తుడిచాను.

"పేరయ్యని ఎండలో ఎందుకు కూచోబెట్టారు? లోపలికి రమ్మనండి" అంది.

గిన్నె నేల మీద పెట్టేశాను.

"నీకెలా తెలుసు?"

"దగ్గు వినపడింది. వాడి దగ్గు నాకు తెలవదా? మావ బతికి దొరికుంటే ఆ మెట్ల కాడి నుంచే వదినా అని అరిచేవాడు." ఆమె గొంతు సన్నగా, నిలకడగా ఉంది. "ఆ తర్వాత మీ పొయ్యి కాడ చప్పుడు లేదు. ఆవాలేస్తారో లేదో అని చెవులప్పగించి కూచున్నా. చాలాసేపు వెయ్యలేదు మీరు. తర్వాత ఏశారు."

"రత్తమ్మా..."

"మంచి పని చేశారమ్మా. ఎయ్యకపోతే నా గొంతు దిగేది కాదు. ఎవరో ఒకరు నోటితో చెప్పేదాకా ఆయన ఉన్నట్టే గదా. ఆయనుండగానే వీడికి కడుపు నిండా ఒక పూట పెడదామనుకున్నా." కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని నా కళ్ళలోకి చూసింది. "పెట్టేశా. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ దొరికాడు?"

నేను ఆమె పక్కన చాప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.